బి షిఫ్టు గ్రహం

ఆ రోజుల్లో మా గోపాలపట్నం డాబా మీంచి తనకొక గ్రహం దొరికిందని, తర్వాత అది మాయమైపోయిందని మా అక్క ఇప్పటికీ ఉపన్యాసాల్లో చెబుతుంది. ఎక్కడో దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను నిజంగానే కనిపెట్టిన మనిషి కాబట్టి జనం నవ్వి చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను. ఆ గ్రహం ఏమైందో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, అంతే.

అక్క అప్పుడు డిగ్రీ, నేను ఇంటరు (చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు). ఫిజిక్సు మేష్టారిని బతిమాలి తెచ్చుకున్న పాత టెలిస్కోపుకి వెలుగు కొలిచే మీటరొకటి బిగించి, చీకటి పడగానే ఒకే నక్షత్రం వైపు తిప్పి కూర్చునేది. నక్షత్రానికి అడ్డంగా గ్రహం వస్తే వెలుగు తగ్గి మీటరు ముల్లు వాలుతుందట. వాటర్ ట్యాంకు వెనకాల నేను దొంగతనంగా కాల్చే సిగరెట్టు పొగ అడ్డమొచ్చినా వాలుతుందని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

ముల్లు ఒక వారమంతా వాలింది. తర్వాత రెండు వారాలు కదల్లేదు. మళ్ళీ వాలింది. అక్క తిండి మానేసి లెక్కలు కట్టి, "సోమవారం మళ్ళీ వస్తాది సూడు" అంది. ఆ సోమవారం నుంచి స్టీల్‌ప్లాంటులో నాన్నకి బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం వెళ్తే ఏ రాత్రికో రావడం. ఎ షిఫ్టు, సి షిఫ్టు వారాల్లో సాయంత్రం ఆయన ఇంట్లోనే ఉండేవారు కనక నాకు సిగరెట్టు లేదు, అక్కకి గ్రహం లేదు. నాకు అప్పుడు వెలిగింది.

చెప్పేలోపే అక్క ఆ సోమవారం రాత్రికి మేష్టారిని పిలిచేసింది. ఆయన నమ్మితే టెలిస్కోపు ఉంటుంది, లేకపోతే పోతుంది. (సైన్సు కోసమైనా ఒక్క దమ్ము లాగుదామా అని ట్యాంకు చాటున తచ్చాడిన మాట వాస్తవం. మేష్టారు అక్కడ కూర్చునుంటే ధైర్యం చాల్లేదు.) ముల్లు కదల్లేదు. మేష్టారు టీ తాగి, మీ గ్రహం సెలవు పెట్టినట్టుందమ్మా అని, టెలిస్కోపు ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు. అక్క డాబా మెట్ల మీద కూలబడి, "ఎక్కడ తప్పు సేసేన్రా తమ్ముడూ" అంది. జేబులో అగ్గిపెట్టె గట్టిగా పట్టుకుని, తెలీదన్నాను.

మొన్న అక్క ఊరొస్తే భీమిలి ఒడ్డున నడుస్తున్నాం. కొత్త గ్రహం దొరికిన ప్రతిసారీ సంతోషం కన్నా ముందు ఆ డాబా మెట్లే గుర్తొస్తాయని, ముందు తనను తానే అనుమానించుకుంటానని చెప్పింది. ఇక ఆగలేక సిగరెట్టు, ట్యాంకు, పొగ, అన్నీ చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను.

"మరి వారం వచ్చి, రెండు వారాలు రాకపోడం ఏటిరా?"

"నాన్న బి షిఫ్టక్కా."

అక్క ఆగిపోయి, అప్పట్లాగే వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"అయితే నా లెక్క తప్పు కాదన్నమాట" అంది, డిగ్రీ పిల్లలా వెలిగిపోతూ.

నా చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. అందులో అగ్గిపెట్టె లేక ఎన్నో ఏళ్ళయింది. ఆ చేతిని ఏం చెయ్యాలో తోచక, రెండోదాంతో జోడించి, "తప్పు నాదక్కా, క్షమించు" అన్నాను.