లేసరు గదిలో స్టీలు లోటా

ఆ రోజుల్లో కళ్ళద్దాలు తీస్తే నాకు లోకమంతా ఒకటే పొగ. బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్ మగవాళ్ళు తెల్లారే రైలెక్కి బెంగళూరు పనులకు పోతుంటే, కొత్తగా పెళ్ళయిన నేను పట్టు తీసే షెడ్డులో చేరాను. ఉడుకునీళ్ళ తొట్టిలో తేలే గూళ్ళ నుంచి పోగు కొస పట్టుకోవాలి. నా సోడాబుడ్డి అద్దాలకు ఆవిరి పట్టేది, పోగు తెగేది. "కండ్లు బాగు చేసుకోని రా తల్లీ, అందాక నా పట్టు తెంపొద్దు" అని షెడ్డాయన పంపేశాడు. మా ఆయన బెంగళూరులో ఒక కంటి ఆసుపత్రి వ్యాను తోలేవాడు. "కత్తి లేదు, కుట్టు లేదు. వెలుతురుతోనే సరి చేస్తారంట" అన్నాడు. "వెలుతురు కోస్తాదా?" అన్నాను. "కోస్తాదంట. నేనూ నమ్మలే" అన్నాడు. (నమ్మనివాడు పెళ్ళాన్ని ఎందుకు తీసుకుపోయాడో!)

ఆ ఆసుపత్రి లేసరు గదిలో పడుకోబెట్టి కంట్లో చుక్కలు వేశారు. "ఆ ఎర్ర చుక్కనే చూడు, కన్ను కదిలితే పని చెడిపోతాది" అన్నారు డాక్టరమ్మ. కాసేపు అంతా చీకటి. మా నాయన గనిలోకి దిగేటప్పుడు ఇట్లాగే ఉండేదేమో అనుకున్నాను. చుక్క మళ్ళీ వెలిగింది, ఎక్కడో టకటకా మోగింది, వెంట్రుక కాలిన వాసన వచ్చింది. నొప్పి మాత్రం లేదు. నా కన్నే, నాకు తెలియకుండా మారిపోతోంది. దేవుడు గుళ్ళో కాకుండా ఈ యంత్రంలో కూర్చున్నాడా అనిపించింది. ఇంతలో నర్సు చెయ్యి తగిలి పక్కనున్న సామాన్ల పళ్ళెం గలగలమంది.

మీకు మా గని కూలీల లైను ఇళ్ళ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు భూమి లోపల బండ పగిలితే పైన ఇల్లు ఊగేది. "ముందు గిన్నెలు పట్టుకో, ఏడ్చేది మళ్ళీ ఏడుద్దువు" అని మా అమ్మ నేర్పింది. గనులు ఆగాయి గానీ నా చేతులు ఆగలేదు. ఆ పళ్ళాన్ని గట్టిగా అదిమి పట్టేశాను.

"ఏం చేస్తుండావమ్మా?" అంది ఆ నర్సు, మా పక్క ముళబాగిలు మనిషే.

"పడిపోతాయక్కా."

"కన్ను కదిలిందా?" డాక్టరమ్మ గొంతు మారింది.

"కన్ను కదల్లేదమ్మా. చెయ్యే పోయింది."

యంత్రం చూసుకుని ఆమె ఊపిరి వదిలింది. నేను ముట్టినవన్నీ పనికిరావట, పళ్ళెం మొత్తం మార్చారు. రెండో కంటికి ముందు నర్సు నా రెండు చేతుల్లో ఒక స్టీలు లోటా పెట్టింది. "ఇదో, నీ సామాను నీ దగ్గరే ఉండాది. దీన్ని పట్టుకో, మమ్మల్ని వదిలెయ్" అంది.

మర్నాడు కళ్ళ మీది మూతలు తీస్తే ఎదురుగా మా ఆయన. అద్దాలు లేకుండానే కనిపించాడు, అంచులతో సహా.

"ఏం అట్ల చూస్తాండావు?"

"నీ మీసంలో ఒక తెల్ల వెంట్రుక ఉండాది."

"దీనికేనా ఇంత దూరం వచ్చింది?"

తిరుగు రైల్లో మా ఊరి సైనైడు దిబ్బ, బంగారం తీసేశాక పారబోసిన గని మట్టి గుట్ట, కనిపించింది. నున్నటి మబ్బు అనుకునేదాన్ని. దాని ఒంటినిండా వానలు కోసిన గీతలున్నాయి. షెడ్డుకు మళ్ళీ పోయాను, ఆవిరిలోనే పోగు కొస దొరికింది.

ఇప్పుడు సూదిలో దారానికి మళ్ళీ అద్దాలు కావాలి. (నేను చెప్తుంటే రాస్తున్న మా కూతురు నవ్వుతోంది. నవ్వనీ, దానికీ వయసొస్తుంది.) వీధిలో లారీ పోయి గిన్నెలు మోగితే ఇప్పటికీ ఒక చెయ్యి అలమర మీదికి పోతుంది, ఇంకో చెయ్యి గోడ మీద దండేసిన ఆయన ఫొటో మీదికి. అది పెళ్ళిలో తీసిన ఫొటో, మీసమంతా నల్లగానే ఉంటుంది. ఆ తెల్ల వెంట్రుక నేనొక్కదాన్నే చూశాను.