పొట్టేళ్ల మామకు వెబ్‌సైటు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. తెలిసిన విద్యనంతా ఒకేచోట చూపించెయ్యాలనే జబ్బు. కొత్తగా వంట నేర్చుకున్న పిల్ల ఒక్క పులుసులోనే బెల్లమూ, ఇంగువా, మసాలా పొడీ అన్నీ పోసి, తినేవాళ్ల మొహాలకేసి ఆశగా చూస్తుంది చూడండి, అలాంటిదన్నమాట. నాకైతే తెలిసిందే కాస్త. అందుకని ఆత్రం మరీ ఎక్కువ. ఆత్మకూరులో డిగ్రీ పూర్తిచేసి, బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు మీద మేడలో ఉన్న ఒక కంప్యూటర్ షాపులో పనికి చేరాను. జిరాక్సులూ, దరఖాస్తులూ, పెళ్లిపత్రికలూ మా వ్యాపారం. యజమానిని అందరం సారూ అనేవాళ్లం. ఆయన హైదరాబాదులో ఏదో కోర్సు చేసి వచ్చి, "ఇక కాలమంతా వెబ్‌సైట్లదేనమ్మా" అంటూ బోర్డు మీద 'వెబ్ డిజైనింగ్' అని కొత్తగా రాయించారు. రాయించాక చాలాకాలం ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. (ఒకాయన ఎత్తాడు గానీ, ఆయనకు కావలసింది టీ బంకుకు బోర్డు.) గిరాకీ రాకపోతే మనమే పుట్టించాలన్నారు సారు. అలా నేను పుట్టించిన గిరాకీ మా మామ.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మర్రిపాడు దగ్గర పెద్దరోడ్డు దిగి మట్టిదారిలో కొంతదూరం పోతే ఆయన పల్లె. వాన పడితే పంట, లేకపోతే ఆకాశం చూడటం. అందుకని పొలం కన్నా జీవాలే ఆయనకు ఆధారం. మందకు మంచి విత్తనప్పొట్టేలు కావాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మామ దొడ్డికే వచ్చేవాళ్లు కాబట్టి మా బంధువుల పిల్లలందరికీ ఆయన పొట్టేళ్ల మామ. ఆ దొడ్డిలో ఒక జొడిపి జాతి పొట్టేలు ఉండేది. పొడుగు కాళ్లు, తెల్లని ఒళ్లు, కళ్లచుట్టూ మూతిచుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. ఎవరొచ్చినా తల వంచడు. పిలిస్తే వెంటనే రాడు, కాసేపు ఆలోచించి వస్తాడు. ఆ వాలకం చూసి మా అత్త వాడికి 'కలెక్టరు' అని పేరు పెట్టింది.

"వెబ్‌సైటంటే ఏంది మే?" అన్నాడు మామ, నేను సంగతి చెప్పగానే.

"అంగడి మామా. ఫోన్లో అంగడి. ఏ దేశంలో ఉన్నవాళ్లయినా మన పొట్టేళ్లను చూడొచ్చు."

"చూస్తే సరిపోయిందా? నడుం పట్టి చూడకుండా, పళ్లు చూడకుండా పొట్టేలును ఎవుడు కొంటాడు?"

"ముందు ఫోన్లో చూస్తారు. నచ్చితే వచ్చి పట్టి చూస్తారు."

"అట్టయితే చెయ్యి. నీ చదువు ఊరికే పోయిందని మీ నాయన ఏడవకుండా ఉంటాడు."

(వెబ్‌సైటు దేనికో మామా నేనూ ఆ నాలుగు మాటల్లోనే చెప్పేసుకున్నాం. చెప్పుకున్న సంగతి నాకు మాత్రం తెలియలేదు.)

సారు దగ్గర ఒక చొక్కాల దుకాణం కోసం కొన్న రెడీమేడ్ సైటు ఉండేది. ఆ దుకాణమాయన మనసు మార్చుకోవడంతో అది ఊరికే పడి ఉంది. అందులో చొక్కాల బొమ్మలు తీసేసి పొట్టేళ్ల బొమ్మలు పెట్టాను. ఆ పని చేసినందుకు నాకు నేనే ముచ్చటపడిపోయి, మిగతా రాతను సరిగా చదవనేలేదు. నా దృష్టంతా అలంకారం మీద. పేజీ తెరవగానే పైనుంచి మల్లెపూలు రాలతాయి. నాదస్వరం మోగుతుంది. మొదట్లోనే ఉదయగిరి కోట కొండ, దాని ముందు కలెక్టరు. రెండు ఫొటోలు కత్తిరించి అతికించడంలో కొలత కుదరక కలెక్టరు కొండకన్నా ఎత్తుగా వచ్చాడు. అదీ బాగానే ఉందనుకున్నాను. కింద ఇంగ్లీషులో మేము అంతర్జాతీయ ప్రమాణాలు గల సంస్థ అని రాశాను. మామ ఫోన్ నంబరు పెట్టబోతే సారు అడ్డుపడ్డారు. "నంబరు పెడితే చిన్న వ్యాపారంలాగా ఉంటుందమ్మా. ఫారం పెట్టు, నింపుతారు." పెట్టాను. మామ పల్లె మ్యాపులో దొరకలేదు. మా షాపు దొరికింది. అదే పెట్టాను.

ప్రారంభోత్సవం ఆదివారం నాడు పల్లెలోనే. అక్కడ నెట్ అందేది ఊరి వెనక మిట్ట మీద మాత్రమే. అత్త, మామ, వాళ్ల బంధువులు, దారిన పోతున్న ఇంకొందరు నా ఫోను చుట్టూ మూగారు. తెల్లని పేజీ వచ్చింది. ఎంతకీ తెలుపే. చాలాసేపటికి పైన కొద్దిగా నీలం వచ్చింది.

"ఏందది?"

"ఆకాశం మామా. కింద వస్తాడు."

ఆకాశం తర్వాత కొమ్ములు వచ్చాయి. అందరూ ఒక్కసారి "ఆ!" అన్నారు. తర్వాత నుదురు. తర్వాత కళ్లు. అక్కడ ఆగిపోయింది. ఫోనును పైకెత్తాను, పక్కకు తిప్పాను. నాదస్వరం ఒక్క కూత కూసి ఆగింది. "మొండెం ఇంకా బయల్దేరినట్టు లేదు" అని అత్త దిగిపోయింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే దిగారు. మామ మాత్రం చివరిదాకా నిలబడి, "నెల్లూరులో అయితే బాగా వస్తాది కదా?" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. వస్తుందన్నాను.

ఆ తర్వాత ఆ సైటు సంగతి నేను మరిచిపోయాను. ఫారాలు వచ్చిపడే మెయిలు ఒకటి తెరిచిన సంగతి కూడా మరిచిపోయాను. తొలకరి వానలు పడ్డాక ఒకరోజు మధ్యాహ్నం, తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన మా మెట్లు ఎక్కి వచ్చాడు. చేతిలో పలుపుతాడు. వెనకాల ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పచ్చిగడ్డి మోపు పట్టుకుని ఒకమ్మాయి. ఆయన మా ప్రింటరునూ, జిరాక్సు మిషన్నూ చూసి, గోడవారగా వంగి బల్ల కింద కూడా చూశాడు.

"పొట్టేలు యాడుండాదమ్మా?"

ఆ అమ్మాయి ఆయన కోడలట. ఫోను నాకు చూపించింది. కలెక్టరు. కింద, చొక్కాల నాటి రాత: 'స్టాకులో ఒక్కటే మిగిలింది, త్వరపడండి.' దానికింద సైజు అడిగే గడి. ఆ పిల్ల బాగా ఆలోచించి అన్నిటికన్నా పెద్ద సైజు నొక్కింది. వెంటనే 'మీ ఆర్డరు ఖాయమైంది, మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు' అని జవాబు వచ్చింది. ప్రతినిధి కోసం ఎదురుచూసి చూసి, ఎవరూ రాకపోయేసరికి వీళ్లే చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకుని కదిరి వైపు నుంచి వచ్చేశారు. మర్రిపాడు మీదుగానే వచ్చారు. మామ పల్లెకు తిరిగే మలుపు దాటుకుని, మ్యాపు చెప్పిందని ఆత్మకూరు దాకా వచ్చారు.

సారు లోపలి గదిలోకి వెళ్లి, ఎందుకో తలుపు వేసుకున్నారు. ఆ మెయిలు తెరిచాను. ఈ కోడలు పంపినవే మూడో నాలుగో ఉన్నాయి. ఇంకెవరో హైదరాబాదు నుంచి ముక్కలు చిన్నగా కొట్టి ఇంటికి పంపుతారా అని అడిగారు. (ఈ సంగతి మామకు ఈరోజు దాకా చెప్పలేదు.)

వాళ్లతోపాటే ఆటో ఎక్కి పల్లెకు బయల్దేరాను. దారిలో పెద్దాయన చెప్పాడు. వాళ్ల పొట్టేలును పాము కరిచింది. గొర్రెలు ఎదకొచ్చే కాలం. ఊళ్లో ఉన్న మిగతా పొట్టేళ్లన్నీ చచ్చిపోయినదాని బిడ్డలే, కాబట్టి వాటిని కలపకూడదు. బయటి రక్తం కావాలి. "మా కోడలు ఫోన్లో చూపించిందమ్మా. ఆ నిలబడేది చూసినాను. ఇంక వేరేది వద్దనుకున్నా." దొడ్డిలో పెద్ద పొట్టేళ్లు అప్పటికే అమ్ముడైపోయాయనీ, మిగిలినవి ఇంకా పిల్లలనీ, కలెక్టరును మామ ప్రాణం పోయినా అమ్మడనీ నాకు తెలుసు.

మామ సంగతంతా నిలబడే విన్నాడు. "అది అమ్మేది కాదు పెద్దాయనా. చూపించేదానికి పెట్టినాది పిల్ల."

"చూపిచ్చి, ఇప్పుడు ఇయ్యం అంటే ఎట్లప్పా?" పెద్దాయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా ఊరంతా చూసినారు. వస్తాదని దొడ్డి కూడా బాగుచేసినాము."

మామ నావైపు తిరిగాడు. "అందులో ఏం రాసుంది? మొత్తం చదువు."

ఆ కోడలి ఫోను తీసుకుని, ఇంగ్లీషును తెలుగు చేసుకుంటూ చదివాను. నేను పెట్టిన ఆ రాతను అప్పుడే మొదటిసారి సరిగ్గా చదవడం. అంతర్జాతీయ ప్రమాణాలు. మీ తృప్తే మా ధ్యేయం. ఉతికినా రంగు పోదు. నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు. రంగు దగ్గర ఆ కోడలు నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. మామ నవ్వలేదు.

"మన పేరు మీదే ఉండాదా ఇదంతా?"

"అవును మామా. కానీ అది నేను..."

"నువ్వు రాసినావని ఈయనకేం తెలుసు? మన ఇంటి మాటని నమ్మి ఇంతదూరం వచ్చినాడు." తర్వాత ఆయన చాలాసేపు కలెక్టరునే చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "ముందు అన్నం పెట్టు వీళ్లకి" అన్నాడు అత్తతో.

అత్త గుమ్మంలోనే ఉంది. "అయితే కలెక్టరుకు బదిలీ వచ్చినట్టేనా?" అంది. నవ్వుతూ అనబోయింది గానీ, మాట సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు మామ కాస్త ఆగాడు.

"బదిలీ కాదు," అన్నాడు. "క్యాంపు."

పెద్దాయనకు అర్థం కాలేదు. మామ విడమరిచాడు. "తోలుకపో పెద్దాయనా. ఈ ఎద కాలమంతా నీ మందలోనే ఉండనీ. గొర్రెలు చూలు కట్టినాక మళ్లా తెచ్చి ఇయ్యి. వాపసు ఏడు దినాలని రాసుంది గానీ, ఆ లెక్క చొక్కాలకు." పెద్దాయన చేతిలోని పలుపుతాడు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. కొనేవాళ్లకని రాసిన వాపసు షరతును అమ్మేవాడి వైపు తిప్పుకున్న వ్యాపారిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కలెక్టరు ఆటో ఎక్కలేదు. లాగారు, తోశారు, గడ్డి చూపించారు. ఆఖరికి అత్త తనే ఆటో ఎక్కి కూర్చుని, "రా నాయనా" అంది. వాడు ఎప్పటిలాగే కాసేపు ఆలోచించి ఎక్కాడు. అత్త రెండో వైపు నుంచి దిగి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ కాలమంతా పెద్దాయన కోడలు కలెక్టరు ఫొటోలు పంపుతూ ఉండేది. ఒకటే చిన్న ఫొటో, కింద ఒక్క ముక్క: 'బాగా మేస్తున్నాడు.' సాయంత్రాలు మామ మిట్టెక్కి చూసుకునేవాడు. ఎక్కడా ఆగకుండా, తలా మొండెం ఒకేసారి వచ్చేవి. "ఆ పిల్లకాడ నేర్చుకో మే" అన్నాడు ఒకసారి. తిట్టినట్టు కాదు, నిజంగానే చెప్పాడు. నేనూ నిజంగానే నేర్చుకున్నాను. చలికాలం మొదట్లో కలెక్టరు తిరిగొచ్చాడు, వెంట ఒక శనక్కాయల మూట కూడా. క్యాంపులో వాడు కాస్త ఒళ్లు చేశాడు.

సైటును మళ్లీ కట్టాను. ఈసారి మామ మంచం మీద కూర్చుని చెబుతుంటే రాశాను. ఎవరం, ఏ ఊరు, బద్వేలు నుంచి వస్తే ఏ మలుపు తిరగాలి, ఆత్మకూరు నుంచి వస్తే ఏ మలుపు. ఫోన్ నంబరు. ఎప్పుడు చెయ్యాలంటే పొద్దున్నే, జీవాలను తోలుకపోకముందు. ఒక్కో పొట్టేలుకు ఒక్క ఫొటో, పక్కకు తిప్పి నిలబెట్టి తీసింది. వయసెంత, తల్లి ఏది, ఏ లోపం ఉందో అదీ. "ఇది కొంచెం పొడుస్తాదని రాయి" అన్నాడు ఒకదాని గురించి. వద్దు మామా అన్నాను. "పొడిచినాక తెలిస్తే బాగుంటాదా?" అన్నాడు. రాశాను. అన్నిటికన్నా కింద కలెక్టరు ఫొటో, దానికింద ఆయన మాటే: 'అమ్మకానికి లేదు. వచ్చి చూడొచ్చు.'

"ఇది వెబ్‌సైటా, కరపత్రమా?" అన్నారు సారు. కానీ ఫోన్లు వచ్చాయి. మనుషులూ వచ్చారు. విచిత్రమేమిటంటే చాలామంది అమ్మకానికి లేని పొట్టేలును చూడాలనే వచ్చారు. దాన్ని చూసి, చుట్టూ తిరిగి, నిట్టూర్చి, దాని బిడ్డల్లో ఒకదాన్ని పట్టుకెళ్లారు. పొడిచేది కూడా అమ్ముడైపోయింది.

మొన్నామధ్య, నా సొంత షాపులో ఉండగా మామ ఫోను చేశాడు. కలెక్టరు ముసలివాడై, దొడ్డిలోనే, ఎండ పడే మూల పడుకుని పోయాడట. తర్వాత ఆయనే అన్నాడు, "ఆ ఫొటో తీసెయ్యి మే."

"ఉండనీ మామా. జ్ఞాపకంగా ఉంటాది."

"జ్ఞాపకం మనకు. 'వచ్చి చూడొచ్చు' అని రాసుంది గదా. నమ్మి వచ్చేవోడికి అది బస్సు చార్జీ."

తీసేశాను. తీసి ఆ మాట చెప్పాను. "సరే, ఏడవబాక" అన్నాడు. నేనేమీ ఏడవడం లేదన్నాను. (అప్పటికి ఇంకా మొదలుపెట్టలేదు.) ఫోను పెట్టేశాక చాలా ఏళ్ల కిందట నేనే అయిన ఆ పిల్ల కళ్లముందు నిలబడింది. చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేస్తూ, అంగడంటే ఏమిటో పొట్టేళ్ల మామకు వివరించి చెబుతోంది. పాపం, ఎంత ఓపికగా చెప్పిందో! ఆయన కూడా ఎంత ఓపికగా విన్నాడో!