పశువుల దవాఖానలో రెండు దరఖాస్తులు

ఆ రోజుల్లో లింగంపల్లి అంటే ఒక రైల్వే స్టేషను, చుట్టూ బండలు, ఆ బండల మధ్య నాన్న ఫ్యాక్టరీ వాళ్ళు కిరాయికుండే కొన్ని ఇళ్ళు. ఏ విషయమైనా తేలకపోతే కాగితం మధ్యలో గీత గీసి అటు లాభాలూ ఇటు నష్టాలూ రాస్తే చాలు, జవాబు దానంతటదే బయటపడుతుందని నేను గట్టిగా నమ్మిన కాలం అది. (ఇప్పుడూ నమ్ముతాను గానీ, ఎవరికీ చూపించను.)

ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశ పరీక్షలో నాకు నూటికి అరవై ఒకటి వచ్చాయి. ఆ కాలేజీ వాళ్ళు సీట్లు రెండు విడతలుగా ఇచ్చేవారు. ఉన్న మార్కులతో ముందు విడతకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఈ ఏడు పరీక్ష మళ్ళీ రాయననీ, ఏ బ్రాంచి ఇచ్చినా చేరతాననీ హామీపత్రం జతచెయ్యాలి. లేదంటే పరీక్ష మళ్ళీ రాసి, కొత్త మార్కులతో రెండో విడతలో మిగిలిన సీట్లకు పోటీపడాలి. నాకు మెకానికల్ కావాలి. అరవై ఒకటికి అది రాదని అందరూ అనేవారు. రెండు విడతలూ తప్పితే తన ఫ్యాక్టరీ ఆఫీసులోనే టైపిస్టుగా చేర్పిస్తానని నాన్న ముందే చెప్పేశారు.

ముందు విడతకు పదకొండు కారణాలు తేలాయి, రెండో విడతకూ సరిగ్గా పదకొండే. "కారణాలు రాసే బదులు లెక్కలు చేసుకునుంటే ఈపాటికి నాలుగు మార్కులు పెరిగేవిరా" అంది అమ్మ. నాన్న పేపరు దించకుండానే, "ముందు సీటు, తర్వాత బ్రాంచి. ముందుదే పంపించు" అన్నారు. ఎందుకైనా మంచిదని నేను మళ్ళీ రాసే పరీక్షకు ఫీజు కట్టేసి, రెండు దరఖాస్తులూ నింపి, జతపరచవలసిన వాటి జాబితా మాత్రం ఒకటే తయారుచేశాను. రెండింటికీ అదే పనికొస్తుంది కదా!

నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి పచ్చసిరాతో సంతకం చెయ్యాలి. మా చుట్టుపక్కల అలాంటి అధికారి ఒక్కరే, పశువుల డాక్టరుగారు. నేను వెళ్ళేసరికి ఆయన ఓ గేదెకు సూది వేస్తున్నారు.

"జర గా తాడు వట్టు తమ్మీ. ఏ దరఖాస్తు పంపుతున్నవ్?"

"ఇంకా తేలలేదండి. పదకొండుకి పదకొండొచ్చాయి."

"ఏందీ, మార్కులా?"

"కారణాలండి."

ఆయన నవ్వలేదు. చేతులు కడుక్కుని ఒక్కో కాగితమే చూస్తూ సంతకాలు పెట్టారు. ఒకచోట ఆగి నన్ను చూశారు, కాగితాన్ని చూశారు, సంతకం పెట్టేశారు. "ఇగ ఫికర్ చెయ్యకు, పో."

నాన్న మాట కాదనలేక ముందు విడతదే పోస్టులో వేశాను. పది రోజులకు అది తిరిగొచ్చింది. పరీక్ష మళ్ళీ రాయనన్న హామీపత్రమూ, మళ్ళీ రాయడానికి ఫీజు కట్టిన రశీదు నకలూ ఒకే కవరులో వచ్చాయనీ, ఏది నిజమో తెలియక వాపసు చేస్తున్నామనీ ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది. నా జాబితాలో ఐదో అంశం, రశీదు! అప్పటికి గడువు దాటిపోయింది. నాన్న తిట్టలేదు. టైపు నేర్పే చోటు ఎక్కడుందో మాత్రం చెప్పారు.

నేను పరుగున డాక్టరుగారి దగ్గరికి పోయాను. "మీరు చూశారు కదండీ!"

"చూసిన."

"మరి చెప్పలేదేంటండీ?"

"కాపీ అసలుకు సరిపోయిందా లేదా చూసుడు నా పని. సరిపోయింది. నీ మనసుకు ఏ కాగితం సరిపోతదో జూసి నేనెట్ల సంతకం జేస్త? ఇగ పోయి సదువుకో."

తేల్చుకోవలసిందేమీ మిగలనందువల్ల కాబోలు, ఆ నెల నిజంగానే చదివాను. అరవై ఎనిమిదొచ్చాయి, మెకానికల్లో చిట్టచివరి సీటు దొరికింది. ముందు విడతలో అరవైకే మెకానికల్ ఇచ్చారన్న సంగతి చేరిన మొదటిరోజే తెలిసింది. చెప్పింది నా పక్క బెంచీవాడు, ఆ అరవై అతనివే.

ఎనిమిదేళ్ళయింది. మొన్న ఇల్లు మారుతూ సామాన్ల జాబితా రాస్తుంటే ఆ వాపసొచ్చిన కవరు బయటపడింది. అందులోని పాత జాబితాలో ఐదో అంశం పక్కన నేను పెట్టిన టిక్కు చూశాను. మిగతావన్నీ ఆదరాబాదరాగా గీకినవే. ఆ ఒక్కటి మాత్రం ఒత్తిపెట్టి, స్కేలుతో గీసినంత తిన్నగా ఉంది. కవరును పారెయ్యవలసిన వాటిలో రాసి, కొట్టేసి, మళ్ళీ పెట్టెలోనే పెట్టాను.