ఎర్రగుడ్డ కట్టిన డబ్బా

పొద్దున్నే బోరిక్ పౌడరు పొట్లం విప్పాను. వేళ్ల మధ్య నున్నగా జారింది. అంతే, సత్యవతి పిన్నిగారు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆత్రేయపురంలో మా పక్కింటావిడ. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ లాగి, ఊదితే ఎగిరిపోయేంత పల్చగా రేకు తీయడం నాకు నేర్పినది ఆవిడే. ఈనాడు పూతరేకులు అమ్ముకుని బతుకుతున్నానంటే ఆవిడ చలవే.

పంచదార ఉన్న ఇంటిని చీమలు వదలవు కదా. పిన్నిగారు బోరిక్ పౌడరులో కాస్త పంచదార పొడి కలిపి, వెనక వసారాలో గోడవార పెట్టేవారు. ఎవరూ పొరపడకుండా ఆ డబ్బా మూత మీద ఎర్రగుడ్డ బిగించి ముడి వేసేవారు. అదే మనిషి తెల్లవారగానే వీధి గుమ్మంలో బియ్యప్పిండితో ముగ్గేసి, చీమలు తింటుంటే మురిసిపోయేవారు. నాకేమో తల తిరిగిపోయేది.

"ఇక్కడ మేపుతారు, అక్కడ చంపుతారు. ఏంటండీ పిన్నిగారూ ఇది?" అన్నానొకసారి.

"ముగ్గేసేటప్పుడు జాలిగానే ఉంటుందే అమ్మాయ్. పంచదార డబ్బా దగ్గర కనిపిస్తే ఒళ్లు మండిపోద్ది. ఏం చెయ్యమంటావ్?" అని నవ్వేశారు.

పెద్దవారయ్యాక, కుండ దగ్గర తన పీట మీద నన్ను కూర్చోమని ఒకటే పోరు. "మీరుండగా నేనేంటండీ" అని తప్పించుకునేదాన్ని. ఆవిడ పేరు చెడగొడతానేమోనని నా భయం. ఇంతలో ఒకరోజు వీధి గుమ్మంలో చీమలు కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. పిన్నిగారు ముగ్గు గిన్నెలో మిగిలిన పిండిని వేళ్లతో రుద్ది చూశారు. బరక తగల్లేదు, నున్నగా జారింది.

"మందు డబ్బాలోది వేసేశానే. రేపు ఇదే చేత్తో పంచదార అనుకుని రేకుల్లో చల్లితేనో? ఎవరి పిల్లలైనా తింటేనో?"

అని లోపలికొచ్చి తన పీట నావైపు తోసేశారు. మళ్లీ దాని మీద కూర్చోలేదు. ఏడ్చుకుంటూనే ఆ రోజు నేను రేకులు తీశాను. పక్కన నిలబడి చూస్తూ, "బాగానే వస్తున్నాయిగా" అన్నారు.

ఆవిడ పోయాక ఆ డబ్బా నాకొచ్చింది. అప్పుడు తట్టింది. ముడి విప్పనిదే మూత రాదు. ముడి విప్పుతూ కూడా గుర్తుపట్టలేదా? లేక నన్ను పీట ఎక్కించడానికే విప్పారా? దానికోసం ముగ్గు దగ్గరి చీమల్ని చంపే మనిషేనా? ఎంత ఆలోచించినా తేలదు. కోపం రావాలో దణ్ణం పెట్టుకోవాలో కూడా తెలియదు.

ఇవాళ కొత్త పౌడరు డబ్బాలో పోసి ముడి వేశాను. తర్వాత చేతులు కడుక్కుని, బియ్యప్పిండిని వేళ్ల మధ్య రుద్ది చూసుకుని మరీ ముగ్గేశాను. చీమలు వచ్చాయి. మధ్యాహ్నం దాకా రేకులు తీస్తూనే, అవి బతికే ఉన్నాయా అని మాటిమాటికీ గుమ్మంలోకి వెళ్లి చూసొచ్చాను.