నేను చెప్పని సీడీ

పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా రాజోలు గ్రంథాలయం బల్లల మీదే. మోటారు పంపు విప్పడం, హోమియో మందుల పేర్లు, చివరికి కంప్యూటర్ కూడా పుస్తకం చూసే నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే కబురొచ్చేది.

మా వదిన నర్సు. అన్నయ్యకి మస్కట్‌లో హోటల్ పని. పెళ్లయిన ఆరేళ్లలో వాళ్లు కలిసి ఉన్నది అతని సెలవుల్లోనే. అక్కడి ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వస్తే ఇద్దరూ ఒకచోట ఉంటారు. అందుకోసం ఒక ఆన్‌లైన్ పరీక్ష. ఫోన్‌లో కుదరదు, కెమెరా ఉన్న కంప్యూటర్‌లోనే రాయాలి. ఉదయం పదకొండుకు మొదలు. పదిహేను నిమిషాలు దాటితే లోపలికి రానివ్వరు. అమలాపురంలో నెట్ సెంటర్‌కి వెళతానని ఆమె అంటే, ఇంట్లో నేనుండగా ఎందుకని ఆపింది నేనే.

తొమ్మిదిన్నరకు కంప్యూటర్ పెట్టాను. నెట్ కేబుల్ గుచ్చిన రెండు నిమిషాలకు తెరంతా నీలంగా మారి, తెల్ల అక్షరాలు పడి, ఆగిపోయి మళ్లీ దానంతటదే లేచింది. మళ్లీ గుచ్చాను. మళ్లీ నీలం. కేబుల్ తీసేస్తే మాత్రం ఏ గొడవా లేదు.

రాత్రి వానకి కొబ్బరిచెట్ల మీదుగా వచ్చే వైరు తడిసి ఉంటుందన్నాను. కేబుల్ ఆయన్ని పిలిస్తే చిన్న మీటరు పెట్టి చూశాడు. "లైను బాగానే ఉందండి. తేడా మీ పెట్టెలోనే ఉంది," అని సైకిలెక్కాడు.

వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. అన్నయ్య దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. తియ్యలేదు. పది నలభైకి కళ్లు తెరిచింది.

"నిన్న దీనికి కొత్తగా ఏవన్నా చేసేరా మరిదిగారూ?"

"లేదండి," అన్నాను.

చేశాను. పరీక్ష కదా, అన్నీ సరిగా ఉండాలని గ్రంథాలయం పుస్తకం తీశాను. ముఖ్యమైన పనికి ముందు డ్రైవర్లు కొత్తవి వేసుకోమని అందులో ఉంది. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కీ లోపలి నెట్ కార్డుకీ మాట కలిపే చిన్న ప్రోగ్రామ్. పుస్తకం వెనక జేబులో సీడీ కూడా ఉంటే దాంట్లోంచి నెట్ డ్రైవర్ వేశాను. ఇది సరిపడకపోవచ్చని తెర మీద హెచ్చరిక వచ్చినా ఫరవాలేదని నొక్కేశాను. ఇంతలో కరెంటు పోయింది. పనిచేస్తోందో లేదో చూడనే లేదు. ఆ పుస్తకం నా కంప్యూటర్ కంటే ఎన్నో ఏళ్లు పాతదన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆమె అడిగాక వచ్చింది. వచ్చినా, పుస్తకం తప్పు చెప్పిందని నా నోటితో అనలేకపోయాను.

పెట్టె విప్పాను. మెమరీ పట్టీలు ఊడదీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. నీలం. చెమటకి స్క్రూలు వేళ్లలోంచి జారిపోతున్నాయి. పదకొండు దాటింది.

వదిన లేచి నా పక్కన నిలబడింది. "వార్డుకి ఒళ్లంతా దద్దుర్లతో ఎవరొచ్చినా, నిన్నేం మందు వేసుకున్నారనే ముందు అడుగుతామండి. సిగ్గుపడి నాటుమందు సంగతి దాస్తారు. వాళ్లు దాచినంతసేపూ మేం చెయ్యగలిగిందేం ఉండదు. మీరేం వేసేరో చెప్పండి. నేనేం అనను."

చెప్పాను.

"ఆయ్. అయితే అది తీసెయ్యండి."

నాలుగు నొక్కుళ్ల పని. పాత డ్రైవర్ దాని చోటికి అది వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచాక కేబుల్ గుచ్చాను. రెండు నిమిషాలు గడిచినా నీలం రాలేదు. పరీక్ష పేజీ చక్కగా తెరుచుకుని, ప్రవేశ సమయం ముగిసిందని చూపించింది. గడియారంలో పదకొండూ పద్దెనిమిది.

ఆమె ఫైలు మూసి, లోపలికెళ్లి అన్నయ్యకి ఫోన్ చేసింది. కంప్యూటర్ పాడైందనే చెప్పింది.

నాలుగు నెలలకు మళ్లీ పరీక్ష పెట్టారు. దానికి అమలాపురం వెళ్లింది. నన్ను అడగలేదు, నేనూ ఆపలేదు.

పుస్తకం తిరిగి ఇచ్చే ముందు దాని చివరి పేజీలో పెన్సిల్‌తో రాశాను. గ్రంథాలయం పుస్తకంలో గీత గీయడం నా జన్మలో అదే మొదలు. 'ఈ సీడీ ఇప్పటి కంప్యూటర్లకు పనికిరాదు. నేను వేసి చూశాను.' ఆ కింద, అడిగినా ఈ సంగతి దాచానని ఇంకో వాక్యం రాయాలని పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయలేదు.