రేడియో మూగబోయిన దిక్కు

నిన్న ఆ పెద్ద గిడ్డంగిలోకి అడుగు పెట్టగానే కొత్త గోనెసంచుల వాసన గుప్పుమంది. అక్కడి ఇంజనీరు చేతిలో చిన్న పరికరం పట్టుకుని, ఏ పెట్టె ఏ అరలో ఉందో ఇవతలి గదిలో నుంచే కనిపెట్టి చూపిస్తున్నాడు. పెట్టె దగ్గరయ్యేకొద్దీ అది కుయ్ కుయ్‌మంటోంది. ఆ కూత వినగానే నా గుండె గంతేసింది. ఆ పరికరం పనితీరు పరీక్షించడానికి వచ్చానన్న సంగతే మరిచిపోయాను. పాతికేళ్ళు దాటినా, సుగుణమణి గారి పక్కన రైసుమిల్లు గోడౌనులో చెమటలు కక్కుకుంటూ నిలబడినట్టే అనిపించింది.

సుగుణమణి గారు మా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. తొంభైల నడిమి రోజుల్లో నేను ఆవిడ దగ్గర ల్యాబ్ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఆదివారం చర్చికి తీసుకెళ్ళే సంచిలోనే బైబిలు పక్కన స్క్రూడ్రైవరూ, టంకం తీగా పెట్టుకునేవారు. "ప్రసంగం సాగదీస్తే మైకు విప్పేస్తానని మా పాస్టరు గారికి భయమమ్మా" అని పకపకా నవ్వేవారు. ఆవిడకి అప్పట్లో ఒకటే ధ్యాస. గోడౌనులో వేల బస్తాల మధ్య కలిసిపోయిన ఒక్క బస్తాని, ఏదీ కదపకుండా, వైర్‌లెస్‌తో కనిపెట్టాలి. నెలల తరబడి కుస్తీ పట్టి అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటరు తయారుచేశాం. దాన్ని బస్తాలో పడేస్తే మామూలు ట్రాన్సిస్టరు రేడియోలో టిక్కు టిక్కుమని వినిపించాలి. అది మొదటిసారి పలికిన రోజున ఇద్దరం చేతులు పట్టుకుని ల్యాబంతా గిరగిరా తిరిగాం. ప్రిన్సిపాలు గారు తొంగిచూసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

పరీక్షకి ఓ బస్తా కావాలి, అదీ ఎవరూ అమ్ముకోనిది. సామర్లకోట నుంచి పిఠాపురం వెళ్ళే దారిలో సత్తిరాజు గారని ఓ రైతు ఉండేవారు. ఏరు పొంగి పొలం వారం రోజులు మునిగినా కుళ్ళిపోని వరి కోసం ఎనిమిదేళ్ళుగా వెన్నులు ఏరి ఏరి, ఆఖరికి ఒక్క బస్తా విత్తనం చేసుకున్నారు. మూతికి ఎర్రదారం కట్టి అటక మీద దాచుకున్న ఆ బస్తాని వాళ్ళ బావమరిది గారి మిల్లు గోడౌనులో పెట్టమని అడిగింది నేనే.

"పోదు కదమ్మా?" అన్నారాయన.

"పోయినా దొరుకుతుందండీ, అందుకే కదండీ ఇదంతా!" అన్నాను గొప్పగా.

గోడౌను ఖాళీగా ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటరుని ఒక్కో మూలా పెట్టి, ప్రతి స్తంభం దగ్గరా రేడియో ఎంత గట్టిగా పలుకుతోందో మీటరుతో కొలిచి గ్రాఫు పుస్తకంలో ఎక్కించి, చివరికి దాన్ని సత్తిరాజు గారి బస్తాలో పెట్టాను. గ్రాఫులు ఎంత బాగా వేశానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా. రెండో పంట దాళ్వా ధాన్యం దిగి గోడౌను నిండాక, బస్తాలు అడ్డొస్తే మోత మారిపోతుందని, అన్నీ మళ్ళీ కొలవమన్నారు మేడం. బయట ఎండలు మండిపోతున్నాయి, లోపల దుమ్ము, నాకేమో బద్ధకం. "కొలిచావా?" అని అడిగితే "కొలిచానండి" అనేశాను.

పది రోజులు తిరక్కుండానే కబురొచ్చింది. ధాన్యం దించిన జట్టు కూలీలు, దారికి అడ్డంగా ఉందని సత్తిరాజు గారి బస్తాని ఎత్తి ఏదో నెట్టులో కలిపేశారట. నెట్టంటే బస్తాల మీద బస్తాలు కప్పు దాకా పేర్చిన వరస. అలాంటివి ఆరున్నాయి, అన్నీ ఒకే రంగు గోనెలు. సాయంత్రం నుంచి ఆ ధాన్యాన్ని మరలో పోస్తారు. అవతల నారుకి ఆకుమడి పోసే రోజులు దగ్గరపడ్డాయి. ఆ బస్తా గానీ మరలో పడితే ఎనిమిదేళ్ళ విత్తనం బియ్యమైపోతుంది.

మేడమూ నేనూ రేడియో పట్టుకుని పరుగెత్తాం; స్తంభాల దగ్గరి మోతతో పోల్చి చూస్తే నా పుస్తకం మూడో నెట్టు చూపించింది. జట్టు మేస్త్రి అప్పారావు మనుషుల్ని ఎక్కించి ఎనభై బస్తాలు దింపించాడు. అందులో లేదు. ఇంకో పేజీ తిప్పాను. అది గోడ వైపు చూపించింది.

"మేడం గారండీ, ఆ పెట్టి మీ మాట వింటందా, మీరే దాని మాట వింటన్నారా అండీ?" అన్నాడు అప్పారావు చెమట తుడుచుకుంటూ. కూలీలు నవ్వారు. సత్తిరాజు గారు మాత్రం నవ్వలేదు. కాటా పక్కన కూర్చుని తువ్వాలు మెలిపెడుతున్నారు. ఆయన నన్నొక్క మాట తిట్టినా బాగుండును.

ఇక నావల్ల కాలేదు. "మేడం, నిండాక కొలవలేదండి. అబద్ధం చెప్పాను" అన్నాను అందరి ముందూ.

సుగుణమణి గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఈ ముక్క ముందే చెప్పుంటే వీళ్ళకి ఎనభై బస్తాల బరువు తప్పేది కదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. "పుస్తకం మూసెయ్యి. రేడియో ఇటివ్వు."

రేడియోని ఛాతీకి ఎదురుగా పట్టుకుని మెల్లగా తిరగడం మొదలుపెట్టారు. టిక్కు టిక్కు, టిక్కు టిక్కు. ఓ చోట సన్నగిల్లి ఆగిపోయింది. కాస్త ఇటు తిప్పితే మళ్ళీ వచ్చింది, అటు తిప్పితే పోయింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇంత దగ్గర్లో ఎక్కడ నిలబడినా గట్టిగానే వినిపిస్తుందమ్మా. గట్టికీ, మరీ గట్టికీ తేడా మన చెవికి అందదు. ఆగిపోవడం మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. రేడియో లోపల సిగ్నలు పట్టే కడ్డీ కొన బస్తాకేసి తిరిగినప్పుడే ఇది మూగబోతుంది. పట్టు, ఆ దిక్కుకి పురికొస పట్టు!"

అప్పారావు కొస ఒకటి పట్టుకుంటే, ఇంకొకడు రెండో కొసతో నెట్ల మీదుగా పాకాడు. ఆవిడ అవతలి తలుపు దగ్గరికి దాదాపు పరుగెత్తారు. అక్కడా తిరిగారు, అక్కడా మూగబోయింది. రెండో పురికొస లాగారు. రెండూ ఐదో నెట్టు మీద, నడిమధ్యన ఒకదాన్నొకటి దాటాయి. అంతసేపూ నవ్విన వాళ్ళే ఇప్పుడు ఎగబడి ఎక్కారు. నేనూ చెప్పులు వదిలేసి ఎక్కాను. రెండు వరసలు తీశారు, మూడు తీశారు. నాలుగో వరసలో, లోపలికి తిరిగి ఉన్న ఓ మూతికి ఎర్రదారం కనిపించింది.

"ఇదేనండోయ్!" అని అప్పారావు వేసిన కేకకి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

సత్తిరాజు గారు మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, మా అగ్గిపెట్టెని బయటికి తీశారు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "మీ పెట్టి మీరు తీసుకోండమ్మా. నా బస్తా నేను తీసుకుపోతాను" అన్నారు. గోడౌనంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వారు. నాకు మాత్రం నవ్వుతో పాటు ఏడుపూ వచ్చేసింది.

అంతటితో ఇంటికి వెళ్తామనుకున్నాను. మేడం పుస్తకం తెరిచి నా చేతికిచ్చారు. పాత పేజీలన్నీ కొట్టెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "అవి తప్పు కాదమ్మా, ఖాళీ గోడౌనుకి అవే నిజం. పైన ఆ ముక్క రాయి. కొత్త పేజీలో నిండు గోడౌను కొలుద్దాం. లోపల ఎంతమంది ఉన్నారో కూడా వెయ్యి."

తలలు లెక్కపెట్టాను. "పదిమందండి."

"మరి నువ్వో? గాలివా? సిగ్నలుకి నువ్వూ ఓ బస్తావే" అన్నారు. సాయంత్రం దాకా కొలిచాం. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం ఇంకోటి లేదు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడంటే నాకు ప్రాణమని ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. నిన్న ఆ ఇంజనీరు తన పరికరం ఎంత కచ్చితంగా పనిచేస్తుందో గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, ముచ్చటేసింది. "ఈ కొలతలు ఎప్పుడు తీశారు బాబూ?" అని అడిగాను. "సరుకు రాకముందండి" అన్నాడు. మొహంలో రంగు మారింది. ఆ మొహం నేనెరుగుదును. సంచిలోంచి కొత్త కాగితం తీసి, పైన 'నిండుగా ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయి' అని రాశాను. తర్వాత తలెత్తి అందర్నీ లెక్కపెట్టాను. పన్నెండు మంది. కాదు, పదమూడు.