నేను తోమిన సున్నపుకాయలు

పద్దెనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. నాకు చదువు లేదు, సంతకం మాత్రం వచ్చు. అందుకే నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఈ సంగతి అది కూడా ఇప్పుడే వింటోంది. నువ్వెవరో నాకు తెలియదు. తెలియని మనిషివి కాబట్టే నీకు చెప్పగలుగుతున్నానేమో. కాస్త ఓపిక పట్టు.

మాది కోసిగి పక్కన పల్లె. వానల్లేని ఒక ఏడు మిరప కోతలకు గుంటూరు వైపు పోయాం. నా మొగుడు అక్కడే జ్వరంతో పోయాడు. చంటిదాన్ని చంకనేసుకుని కర్నూలు చేరితే, మా సంఘం పాస్టరయ్య ఒక సారు ఇంట్లో పనికి పెట్టించాడు. సారు బడిలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయినవాడు. ఒంటి మనిషి. పెరట్లో గది నాకిచ్చాడు. నా బిడ్డకు ఐదేళ్లు రాగానే బడిలో వేశాడు. పలక ముందు పెట్టి నాకు సంతకం నేర్పింది కూడా ఆయనే. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వాటంతటవే కలుస్తాయి.

సారుకు పాత ఇత్తడంటే ప్రాణం. మన అవ్వలు, తాతలు ఆకు వక్క వేసుకునేటప్పుడు వాడిన, సున్నం దాచుకునే చిన్న సున్నపుకాయలు, అడకత్తెరలు, ఆకుపెట్టెలు మూడు అద్దాల బీరువాల నిండా పెట్టుకున్నాడు. వాటిలో ముప్పాతిక ఖాదర్ సాబు తెచ్చినవే. ఆయనది పాతూరులో ఇత్తడి సామాన్ల అంగడి. ఎవరైనా పాత సామాను కరిగించమని ఇస్తే, అందులో మంచి పనితనం కనబడ్డదాన్ని కొలిమికి పోనివ్వకుండా పక్కన పెట్టేవాడు. శుక్రవారం నమాజయ్యాక అది జేబులో వేసుకుని వచ్చేవాడు. ఇద్దరికీ రెండు టీలు, ఇక వాదులాట.

"సారూ, ఇది నవాబు జేబులో తిరిగిన సున్నపుకాయ."

"నవాబుదా, మీ తాతదా?"

"మా తాతదైతే నీకు ఇస్తానా!"

వంటింట్లో ఉన్నా నాకు నవ్వాగేది కాదు. మొగుడు పోయాక నేను మళ్లీ నవ్వింది ఆ శుక్రవారాల్లోనే.

పక్క వీధిలో దొంగలు పడ్డాక సారు బీరువాలకు బీమా చేయించాలనుకున్నాడు. కంపెనీ మనిషి వచ్చి ఒక్కోటీ చూసి, విలువ కట్టి, ఫోటో తీసుకుంటాడట. ఆ రోజు దగ్గర పడింది. సారుకేమో అప్పుడే కంటికి శుక్లాల ఆపరేషనయింది. ఒక కంటికి కట్టు, రెండోది ముందునుంచీ మసక. ముందురోజు సాయంత్రం సాబు మూడు సున్నపుకాయలు, ఒక చిలకల అడకత్తెర తెచ్చాడు. సారు వాటిని చూడలేక వేళ్లతో తడిమాడు. "వందమంది బొటనవేళ్లు అరగదీశాయి దీన్ని" అని పసిబిడ్డలా మురిసిపోయి, రేపటికి బీరువాలో పెట్టమని నా చేతికిచ్చాడు.

ఇక్కడే నా తప్పు మొదలయింది. నీళ్లు తగలనీయొద్దు, పొడిగుడ్డతో తుడవడమేనని మొదటి రోజే సారు చెప్పాడు. ఆ మాట మరిచానా? మరవలేదు. కానీ అవి నల్లగా, జిడ్డుగా, ఎవరెవరి ఎంగిలితోనో ఉన్నాయి. రేపు ఆఫీసరు వచ్చే ఇంట్లో అట్లాంటివి పెడితే ఇల్లు చూసుకునే ఆడదానికి పరువా? పంపు కింద కూర్చుని చింతపండు, ఇటుకపొడి వేసి తోమాను. బంగారంలా మెరిశాయి.

మరునాడు వచ్చిన కంపెనీ మనిషి వయసులో చిన్నవాడు. వాటిని తిప్పి చూసి, "ఇవి కొత్తవి సార్. పాత ఇత్తడి ఇట్లా ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ నల్లటి పొర కడుతుంది" అన్నాడు. ఇవి ఇచ్చినవాడే మిగతావీ ఇచ్చాడని తెలుసుకుని, రుజువు లేనిదే వాటికి పాలసీ రాయలేనని లేచిపోయాడు. సారు తన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ ఉండిపోయాడు. "నిన్న నా వేళ్లు పాతవే అన్నాయే" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

నేను టీ గ్లాసులతో గడపలో నిలబడి ఉన్నాను. ఇంకో మాట కూడా చెబుతాను, దాచను. కొత్తవి అని ఆ అబ్బాయి అన్నప్పుడు, నా తోముడుకు ఒక్క క్షణం గర్వపడ్డాను. ఆ తర్వాతే నేనేం చేశానో తెలిసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయాను.

సారు ఫోను చేస్తే సాయంత్రానికి సాబు వచ్చాడు. సున్నపుకాయ మూత తీశాడు. కీలులో చింతపండు పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. పీచును గోటితో తీసేసి, "నన్నూ ఎవరో మోసం చేసినారు సారూ, తీస్కపోతా" అన్నాడు. సారు కట్టు విప్పి నా తోముడు జాడ చూడకముందే వాటిని ఇంట్లోంచి దాటించాలని ఆయన తొందర. సారు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

వెళ్లేముందు సాబు మంచినీళ్లకని పెరట్లోకి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, చింతపండేనా, ఇటుకపొడి గూడ ఏసినావా?"

"రెండూ అన్నా."

"శానా బాగ తోమినావులే. మా ఇంట్లో వంట డేగిసాలు గూడ ఇట్ల తోమేటోళ్లు లేరు."

నేను ఏడ్చాను. "సారుకు చెప్తావా అన్నా? నన్ను ఎల్లగొడితే బిడ్డనేసుకోని యాడికి పోయేది?"

"నేను చెప్పను. నాకు అంగడి ఉండాది, ఇల్లు ఉండాది. నీకేముండాది, ఈ గది తప్ప? సారు మంచోడే గానీ ఇత్తడి జోలికి పోతే మనిషి కాదు. పది దినాలు కానీ. కోపం తగ్గినాక నువ్వే చెప్పుకో."

పది రోజులన్నాడు. పదో రోజు చెబుదామనుకున్నాను. బిడ్డ పరీక్షలయ్యాక అనుకున్నాను. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి అనుకున్నాను. శుక్రవారాలు ఒంటి టీతో గడిచాయి. సాబు బజారులో ఎదురైతే "పాప బాగ చదువుతాందా?" అని తప్ప ఒక్కనాడూ ఇంకోటి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఇదీ ఆయన మీదికే తోస్తున్నాను చూడు.

ఇక్కడ నా కూతురు కలం ఆపింది. రాయమ్మా అన్నాను.

ఎనిమిదేళ్ల తర్వాత సాబు పోయాడు. కబురు తెలిసి సారు చొక్కా తొడుక్కుని గేటుదాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి గుండీలు విప్పుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ రెండు మాటలు చెప్పి ఉంటే సారు సాబు జనాజా వెనక నడిచేవాడు. చెప్పలేదు.

మరో రెండేళ్లకు సారూ పోయాడు. వచ్చిన బంధువులకు బీరువాల్లోని ఇత్తడి విలువ చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. గోనెసంచుల్లో కట్టి తూకానికి ఇచ్చేశారు. సాబు కొలిమికి పోకుండా ఒక్కొక్కటే కాపాడినవన్నీ చివరికి కొలిమికే పోయాయి.

ఆదివారం మా పాస్టరయ్య గుడిలో మేము లేచి నిలబడి సాక్ష్యం చెబుతాం, దేవుడు చేసిన మేళ్లు. గూడు ఇచ్చాడన్నాను, కూతుర్ని నర్సును చేశాడన్నాను. ఆ మేళ్లు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో సగమే చెప్పాను. సారు పేరు చెప్పాను. సాబు పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. తన ముప్పై ఏళ్ల స్నేహం ఇచ్చి నా బిడ్డ బడి నిలబెట్టిన మనిషి ఆయన. అన్నా, నీ ఋణం నేను చెప్పుకోగలిగేదే గాని తీర్చగలిగేది కాదు.

సాబు పోయాక ఆయన భార్య నన్ను పిలిచి, నేను తోమిన మూడింటిలో ఒక సున్నపుకాయ చేతిలో పెట్టింది. ఇది నాకే ఇమ్మన్నాడట. ఎందుకో ఆమెకు తెలియదు. కిటికీలో పెట్టుకున్నాను. మూత అంచున నలుపు మళ్లీ ఎక్కుతోంది. నేను ముట్టుకోను.

రాయడం అయిందట. కింద సంతకం పెట్టమంటోంది నా కూతురు. ఆ సంతకం సారు నేర్పింది. ఈ కాగితం మీద అది పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. సిరా తెమ్మన్నాను. బొటనవేలు వేశాను.